నూట అరవై క్రెడిట్లలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీని ఎలా కూర్చాలి?

అనంతపురం జేఎన్‌టీయూ కింద చదివినవాళ్లకు ఆర్13, ఆర్15, ఆర్19, ఆర్20, ఆర్23 అంటే విడమరచి చెప్పక్కర్లేదు. ఒక్కొక్కటి ఒక రెగ్యులేషన్. ఆ ఏడాది చేరినవాళ్లు నాలుగేళ్లలో ఏం చదవాలి, ఎన్ని మార్కులకు రాయాలి, ఎంత వస్తే పాసు అన్నవన్నీ అందులోనే ఉంటాయి. పదేళ్లలో ఐదు వచ్చాయి. అనుబంధ కాలేజీలకు వీటిలో పెద్దగా చేయగలిగింది లేదు, యూనివర్సిటీ ఇచ్చింది నడపడమే. అటానమస్ హోదా వచ్చిన కాలేజీలు మాత్రం సిలబస్ సొంతంగా రాసుకోవచ్చు. కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం చుట్టుపక్కల అలాంటివి ఇప్పుడు తక్కువేం కాదు.

హోదా రాగానే మామూలుగా జరిగేది ఏమిటంటే, పెద్ద పెద్ద సంస్థల సిలబస్‌లు నాలుగు డౌన్‌లోడ్ చేస్తారు. మంచివనిపించిన సబ్జెక్టులన్నీ ఒక ఎక్సెల్ షీటులో వేస్తారు. ప్లేస్‌మెంట్ వాళ్లు అడిగినవి రెండు, మేనేజ్‌మెంట్ వాళ్లు పేపర్లో చూసినవి రెండు కలుపుతారు. కూడితే క్రెడిట్లు 190 దాటుతాయి. అప్పుడు కత్తెర పట్టుకుంటారు, మొదట తెగేది ట్యుటోరియల్ గంటలు, అంటే లెక్కలు చేయిస్తూ సందేహాలు తీర్చే క్లాసులు. ఎందుకంటే అవి తీసేస్తే ఏ సబ్జెక్టు పేరూ పోదు. పేర్లన్నీ మిగిలి, నేర్చుకునే వేళ మాత్రం పోయిన సిలబస్‌లు ఇలాగే పుడతాయి.

డిగ్రీని కూర్చేటప్పుడు ఏం పెట్టాలన్నది సులువైన ప్రశ్న. ఏం వదిలేయాలి, ఏది దేనికి ముందు రావాలి, వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్నవి కష్టమైనవి.

క్రెడిట్ అంటే గంటలే

ఇంజనీరింగ్ కాలేజీలను నియంత్రించే జాతీయ సంస్థ ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన మోడల్ కరిక్యులమ్ (నమూనా సిలబస్) బీటెక్‌ను 160 క్రెడిట్లకు కుదించింది. వారానికి ఒక గంట లెక్చరైతే ఒక క్రెడిట్, ఒక గంట ట్యుటోరియలైతే ఒక క్రెడిట్, ల్యాబు రెండు గంటలకు ఒక క్రెడిట్. అందుకే మూడు గంటల ల్యాబుకు ఒకటిన్నర. సిలబస్ పుస్తకంలో సబ్జెక్టు పక్కన కనిపించే 3-0-0-3, 0-0-3-1.5 లాంటి అంకెలు ఇవే: లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్, క్రెడిట్.

తరువాత వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఇంకో మాట చేర్చింది: ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టాల్సిన 30 గంటల శ్రమ. క్లాసులో కూర్చున్నదీ, బయట చదివిందీ కలిపి. ఈ లెక్కన సెమిస్టర్‌కు 20 క్రెడిట్లంటే 600 గంటలు. పదిహేను వారాలకు పంచితే వారానికి 40. అందులో 24 గంటలు క్లాసుకూ ల్యాబుకూ పోతే, సొంతంగా చదవడానికి, ప్రోగ్రాములు రాసుకోవడానికి 16 మిగలాలి.

మిగలడం లేదు. రోజుకు ఆరు పీరియడ్లు, వారానికి ఆరు రోజులు, మొత్తం 36. ఇరవై నాలుగు పోగా మిగిలిన పన్నెండు పీరియడ్లను చాలా కాలేజీలు ఆప్టిట్యూడ్ ట్రైనింగుతో, ఇంకేవో సర్టిఫికెట్ కోర్సులతో నింపేస్తాయి. ఖాళీ పీరియడ్ కనిపిస్తే క్రమశిక్షణ లేదనుకుంటారని భయం. ధర్మవరం నుంచో గుత్తి నుంచో రోజూ బస్సులో అనంతపురం వచ్చి పోయే పిల్లలకు రానూపోనూ రెండు గంటలకు తక్కువ పట్టదు. వారానికి పన్నెండు గంటలు రోడ్డు మీదే. ఇంటికెళ్లాక ల్యాప్‌టాప్ ఉండే ఇళ్లు ఎన్నో, ఉన్నా తెరిచే ఓపిక ఎంతో ఊహించుకోవచ్చు. కాబట్టి ఆ పన్నెండు పీరియడ్లను టైంటేబుల్లోనే ‘ఓపెన్ ల్యాబ్’ అని రాసి, తలుపులు తీసి, ఒక ల్యాబ్ అసిస్టెంటును కూర్చోబెట్టడం కొత్త సబ్జెక్టు చేర్చడంకన్నా ఎక్కువ మేలు చేస్తుంది. దానికి క్రెడిట్లూ అక్కర్లేదు.

పంపకం

160ని పంచే ఒక తీరు ఇది. భాష, మేనేజ్‌మెంట్, నైతిక విషయాలకు 12. గణితం, సైన్స్‌కు 24. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్, డిజిటల్ లాజిక్, ఎలక్ట్రికల్ బేసిక్స్, వర్క్‌షాప్‌లకు 20. అందరూ తప్పనిసరిగా చదవాల్సిన కోర్‌కు 50. ప్రొఫెషనల్ ఎలెక్టివ్‌లు (సొంత బ్రాంచిలోనే విద్యార్థి ఎంచుకునేవి) ఆరు, మూడేసి చొప్పున 18. ఓపెన్ ఎలెక్టివ్‌లు (వేరే విభాగాల నుంచి ఎంచుకునేవి) నాలుగు, 12. ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లకు 18. స్కిల్ కోర్సులకు 6.

కోర్‌లోని 50 ఎలా వస్తాయో విడదీస్తే అసలు ఇరుకు తెలుస్తుంది. డేటా స్ట్రక్చర్స్, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్, కంపైలర్స్, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్, మెషీన్ లెర్నింగ్: ఈ ఎనిమిదింటికీ ల్యాబుతో కలిపి నాలుగున్నర చొప్పున 36. కంప్యూటర్ ఆర్గనైజేషన్, సెక్యూరిటీ మూడేసి, అంటే 6. ఆల్గరిథమ్స్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్ ట్యుటోరియల్‌తో నాలుగేసి, అంటే 8. యాభై అయిపోయింది. క్లౌడ్, బ్లాక్‌చెయిన్, ఐఓటీ, బిగ్ డేటా, డెవాప్స్ దేనికీ ఇందులో చోటు లేదు. ఉండకూడదు కూడా. అవి ఎలెక్టివ్‌లలో బతకాల్సినవి. ఐదేళ్లకోసారి పేరు మారే విషయాన్ని కోర్‌లో పెడితే ఐదేళ్లకోసారి కోర్ మార్చుకోవాలి.

ఏం ఉండాలో తేల్చుకోవడానికి పనికొచ్చే పత్రాలు ఉన్నాయి. కంప్యూటర్ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఏసీఎం 1968 నుంచీ కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి మార్గదర్శకాలు ఇస్తోంది. ఐట్రిపులీ కంప్యూటర్ సొసైటీ, ఏఐ పరిశోధకుల సంఘం ఏఏఏఐలతో కలిసి అది చేసిన సీఎస్2023 అనే పత్రం మొత్తం విషయాన్ని 17 రంగాలుగా విడగొట్టింది. అందరూ చదవాల్సింది ఏది, ఆ రంగంలోకి లోతుగా వెళ్లేవాళ్లు మాత్రమే చదవాల్సింది ఏది అని గంటలతో సహా వేరు చేసి చూపింది. దాన్ని కాపీ కొట్టక్కర్లేదు. మీ సిలబస్ పక్కన పెట్టుకుని ఏ రంగం అసలు తాకలేదో, ఏది మూడు సబ్జెక్టుల్లో మూడుసార్లు వచ్చిందో చూసుకుంటే చాలు. సాఫ్ట్‌వేర్ లైఫ్ సైకిల్ మోడల్స్ రెండు మూడు చోట్ల కనిపించడం, డీబగ్గింగ్ ఎక్కడా కనిపించకపోవడం మామూలు.

గణితం ఎవరి చేతిలో ఉంది

గణితానికి 16 క్రెడిట్లనుకుందాం: క్యాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీ, తలా నాలుగు. మిగతా ఎనిమిదీ ఫిజిక్స్, మరో సైన్స్ సబ్జెక్టు, వాటి ల్యాబులకు. వినడానికి సబబుగానే ఉంది. కానీ మన కాలేజీల్లో మొదటి ఏడాది గణితం హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్ విభాగం చేతిలో ఉంటుంది. సివిల్‌కూ మెకానికల్‌కూ కంప్యూటర్స్‌కూ ఒకటే పేపరు. లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్, పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కంప్యూటర్ సైన్స్‌లో ఎందుకున్నాయంటే, కారణం బోధనలో లేదు, టైంటేబుల్లో ఉంది. ఒకటే పేపరైతే ఏ మేడమైనా ఏ సెక్షనుకైనా వెళ్లగలరు, ప్రశ్నపత్రం ఒక్కటి తయారుచేస్తే సరిపోతుంది. దీన్ని విడగొట్టాలంటే ముందు ఆ విభాగంతో కూర్చుని మాట్లాడాలి. వాళ్లకు పని పెరుగుతుంది కాబట్టి ఆ పెరిగిన పనిని వర్క్‌లోడ్‌లో చూపించాలి. ఈ చర్చ జరపకుండా సిలబస్ కాగితం మీద మాత్రం మార్చిన చోట, పేరు ‘లీనియర్ ఆల్జీబ్రా’ అని మారి లోపల పాత యూనిట్లే ఉంటాయి.

ప్రాబబిలిటీ ఎక్కడ పెట్టాలన్నది మరీ ముఖ్యం. మెషీన్ లెర్నింగ్‌కు ముందు రాకపోతే ఏమవుతుందో చిన్న ఉదాహరణ. వేరుశనగ ఆకు ఫొటోలు చూసి తిక్క ఆకుమచ్చ తెగులు ఉందో లేదో చెప్పే ప్రాజెక్టు ఈ జిల్లాల్లో చాలామంది ఎంచుకుంటారు. వెయ్యి ఫొటోల్లో 970 మంచి ఆకులవి, 30 తెగులు పట్టినవి. మోడల్ ఏదీ చూడకుండా అన్నిటికీ ‘తెగులు లేదు’ అని చెప్పినా 97 శాతం సరిగ్గా చెప్పినట్టే. ఆ 97ను స్లైడు మీద పెద్దక్షరాల్లో పెట్టి బహుమతి పట్టుకెళ్తారు. పట్టుకోవాల్సిన ముప్పై ఆకుల్లో ఒక్కటీ పట్టుకోలేదు. ప్రిసిషన్ (తెగులని చెప్పినవాటిలో నిజంగా తెగులున్నవెన్ని), రీకాల్ (తెగులున్నవాటిలో పట్టుకున్నవెన్ని) అన్న పేర్లు చెప్పగలిగినా, షరతుతో కూడిన సంభావ్యత లెక్క చేతికి రాకపోతే ఈ మోసం కళ్లముందే ఉన్నా కనపడదు.

ఏది ముందు, ఏది వెనక

సబ్జెక్టులన్నీ కార్డుల మీద రాసి, ఏది లేకపోతే ఏది అర్థం కాదో బాణాలు గీయడం మొదటి పని. ప్రోగ్రామింగ్ లేకుండా డేటా స్ట్రక్చర్స్ లేదు. డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ రెండూ ఉంటేనే ఆల్గరిథమ్స్. కంప్యూటర్ ఆర్గనైజేషన్ తర్వాతే ఆపరేటింగ్ సిస్టమ్స్. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ తర్వాతే మెషీన్ లెర్నింగ్. థియరీ ఆఫ్ కంప్యుటేషన్ తర్వాతే కంపైలర్స్. ఈ బొమ్మలో ఎక్కువ బాణాలు బయల్దేరేది డేటా స్ట్రక్చర్స్ నుంచి. డిగ్రీ విరిగితే మొదట విరిగేదీ అక్కడే.

మొదటి భాష సి కావాలా పైథాన్ కావాలా అన్న తగువు ఎప్పుడూ ఉండేదే. మా మొగ్గు మొదటి సెమిస్టర్‌లో పైథాన్‌కు, రెండో సెమిస్టర్‌లో సి భాషకు. కర్నూలు పశ్చిమ మండలాల నుంచో మడకశిర వైపు నుంచో వచ్చే పిల్లల్లో కొందరికి ఇంటర్ రెండేళ్లూ ఎంపీసీ పుస్తకాలు తప్ప కీబోర్డు తాకే పనే పడి ఉండదు. వాళ్లకు మొదటి నెలలోనే మెమరీ అడ్రస్‌ను పట్టుకునే పాయింటర్ తప్పుపోయి ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ఒక్క ముక్క వచ్చి ఆగిపోతే, తప్పు తమదో యంత్రానిదో తెలియదు. లూపు, ఫంక్షన్, లిస్టు అంటే ఏమిటో ముందు చేతికి రావాలి. మెమరీ సంగతి తర్వాత. అలాగని సి మానేయడం కుదరదు. మెమరీ అడ్రస్ అంటే ఏమిటో చూడనివాళ్లకు ఆపరేటింగ్ సిస్టమ్స్ కంఠతా పట్టే సబ్జెక్టు అయిపోతుంది. రెండూ ఒకే సెమిస్టర్‌లో మాత్రం వద్దు, సెమికోలన్లూ కోలన్లూ కలగాపులగమవుతాయి.

ఏ భాషైనా సరే, మొదటి రెండు వారాల ల్యాబు ప్రోగ్రాములకు కాదు, టైపింగుకు, ఫోల్డర్లకు, ఫైలు పాత్ అంటే ఏమిటో తెలియడానికి, టెర్మినల్లో నాలుగు కమాండ్లు ఇవ్వడానికి కేటాయించాలి. ఫోన్‌లోనే పెరిగిన పిల్లలకు ఫైలు ఎక్కడ దాచామన్న ఆలోచనే కొత్త. ఇది చెప్పకుండా వదిలేస్తే మూడో ఏడాదిలో కూడా ‘ఫైల్ నాట్ ఫౌండ్’ దగ్గరే అరగంట పోతుంది.

ఇక్కడ ఈసెట్ పిల్లల సంగతి మరవకూడదు. డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరతారు, మొదటి రెండు సెమిస్టర్లు వాళ్లకు లేనట్టే. డేటా స్ట్రక్చర్స్‌ను ముందుకు జరిపి రెండో సెమిస్టర్‌లో పెడితే మిగతావాళ్లకు ఒక సెమిస్టర్ కలిసొస్తుంది కానీ, వీళ్లకు అది బీటెక్ స్థాయిలో ఎప్పటికీ అందదు. అందుకే మూడో సెమిస్టర్‌లో ఉంచడమే మేలు. ఆ సెమిస్టర్ ఇలా ఉండొచ్చు: డేటా స్ట్రక్చర్స్ 4.5, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ 4.5, కంప్యూటర్ ఆర్గనైజేషన్ 3, డిస్క్రీట్ మ్యాథ్స్ 4, హ్యుమానిటీస్ ఒకటి 3, స్కిల్ కోర్సు 1. మొత్తం 20, క్లాసు గంటలు 24. నాలుగో సెమిస్టర్‌లో ఆల్గరిథమ్స్ 4, ఆపరేటింగ్ సిస్టమ్స్ 4.5, డీబీఎంఎస్ 4.5, ప్రాబబిలిటీ 4, ఒక ఓపెన్ ఎలెక్టివ్ 3. ఇదీ 20. ఐదులో నెట్‌వర్క్స్, మెషీన్ లెర్నింగ్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్, ఒక ఎలెక్టివ్ కలిపి 20.5. కంపైలర్స్, సెక్యూరిటీ ఆరుకు పోతాయి. ఈసెట్ వాళ్లకు పోయేది లీనియర్ ఆల్జీబ్రా, క్యాల్క్యులస్. దానికి మూడో సెమిస్టర్ ఓపెన్ ల్యాబ్ గంటల్లోనే క్రెడిట్లు లేని బ్రిడ్జి కోర్సు పెట్టాలి. లేదంటే ఐదో సెమిస్టర్‌లో మ్యాట్రిక్స్ దగ్గర ఆగిపోతారు. ప్రోగ్రామింగ్‌లో మాత్రం వీళ్లు చాలాసార్లు మిగతావాళ్లకన్నా ముందుంటారు, అది కూడా గమనించాలి.

పరీక్షే అసలు సిలబస్

ఎంత జాగ్రత్తగా బాణాలు గీసినా, పరీక్ష వాటిని చెరిపేయగలదు. ఈ ప్రాంతంలో బాగా అలవాటైన పేపరు తీరు చూద్దాం. సిలబస్ ఐదు యూనిట్లు. ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఆ 70లో రెండేసి మార్కుల చిన్న ప్రశ్నలు పది, యూనిట్‌కు ‘ఇదైనా అదైనా’ పద్ధతిలో పది మార్కుల పెద్ద ప్రశ్న ఒకటి. పాసవడానికి ఎక్స్‌టర్నల్లో 35 శాతం, అంటే 25 మార్కులు, మొత్తం మీద 40 రావాలి.

ఇప్పుడు ఒక విద్యార్థి చివరి రెండు యూనిట్లు అసలు తెరవలేదనుకోండి. మూడు యూనిట్ల పెద్ద ప్రశ్నలకు 30, చిన్న ప్రశ్నల్లో ఆరింటికి 12, మొత్తం 42 మార్కుల పేపరు అతని చేతిలో ఉంది. కావాల్సింది 25. డేటా స్ట్రక్చర్స్‌లో చివరి రెండు యూనిట్లలో ఉండేవి మామూలుగా గ్రాఫ్‌లు, హ్యాషింగ్. సెమిస్టర్ చివర్లో హడావుడిగా చెప్పి వదిలేసేవీ అవే. కాగితం మీద ఈ విద్యార్థి డేటా స్ట్రక్చర్స్ పాసయ్యాడు. నెట్‌వర్క్స్‌లో రూటింగ్ వచ్చినప్పుడు గ్రాఫ్ అంటే ఏమిటో తెలియదు, డీబీఎంఎస్‌లో ఇండెక్సింగ్ వచ్చినప్పుడు హ్యాష్ అంటే ఏమిటో తెలియదు. ఆ సబ్జెక్టుల సార్లు ‘బేసిక్స్ లేవు’ అంటారు. బేసిక్స్ వదిలేయడానికి దారి ఇచ్చింది పేపరే.

అటానమస్ కాలేజీకి దీన్ని మార్చే అవకాశం ఉంది. యూనిట్ల గోడలు దాటే ఒక తప్పనిసరి ప్రశ్న పెట్టొచ్చు. గంటల పంపకంలో గ్రాఫ్‌లకు ముందే ఎనిమిది గంటలు పక్కన పెట్టొచ్చు. వారానికి మూడు గంటల సబ్జెక్టు పదిహేను వారాలకు 45 గంటలని రాసుకుంటాం గానీ మిడ్ పరీక్షలు, పండుగలు, ఫెస్టులు పోగా 40 దక్కితే గొప్ప. ఆ 40కే సిలబస్ రాయాలి. అన్నిటికన్నా ప్రశ్న అడిగే తీరు మారాలి. ‘సర్క్యులర్ క్యూ గురించి వివరించండి’ అంటే గైడులోని పేజీ దిగుతుంది. దాని బదులు ఇలా అడగొచ్చు (సర్క్యులర్ క్యూ అంటే చివరి గడి తర్వాత మళ్లీ మొదటి గడికి తిరిగే వరుస; ముందు నుంచి తీస్తారు, వెనక చేరుస్తారు):

ఎనిమిది గళ్ల సర్క్యులర్ క్యూ. గళ్ల సంఖ్యలు 0 నుంచి 7. మొదటి అంశం 6వ గడిలో, చివరి అంశం 2వ గడిలో ఉన్నాయి. మూడు తీసేసి, రెండు చేర్చారు. ఇప్పుడు మొదటిది, చివరిది ఎక్కడున్నాయి? ఇంకా ఎన్ని చేర్చవచ్చు?

మొదట 6, 7, 0, 1, 2 గళ్లలో ఐదు ఉన్నాయి. మూడు తీస్తే మొదటిది 1కి వస్తుంది, రెండు చేర్చితే చివరిది 4కు పోతుంది. నాలుగు మిగిలాయి. ఇంకా ఎన్ని పడతాయన్నదే అసలు ప్రశ్న. ఎన్ని ఉన్నాయో వేరే లెక్క పెట్టుకుంటే నాలుగు. లెక్క పెట్టుకోకుండా, నిండిందా ఖాళీయా తేల్చడానికి ఒక గడి ఎప్పుడూ ఖాళీగా ఉంచే పద్ధతైతే మూడు. రెండూ ఒప్పే, ఎందుకో రాసినవాళ్లకే పూర్తి మార్కులు. గైడులో ఇది దొరకదు, అంకెలు మారిస్తే వచ్చే ఏడాదికి కొత్త ప్రశ్న. దిద్దేవాళ్లకు కూడా పేజీలు తిప్పే పని తగ్గుతుంది.

ముందు సబ్జెక్టు పాసైతేనే తర్వాతిది అన్న నిబంధన పెడదామా అంటే, పెట్టడం తేలికే, నడపడమే కష్టం. డేటా స్ట్రక్చర్స్ ఏడాదికి ఒక్కసారే నడిస్తే, తప్పినవాళ్లకు ఆల్గరిథమ్స్‌తో పాటు ఏడాది పోతుంది, తల్లిదండ్రులు వచ్చి నిలబడతారు, నిబంధన సడలుతుంది. దాన్ని నిలబెట్టాలంటే తప్పినవాళ్ల కోసం అదే సబ్జెక్టును వెంటనే తర్వాతి సెమిస్టర్‌లోనో వేసవిలోనో మళ్లీ నడపాలి. ఖర్చు ఒక టీచర్‌కు వారానికి మూడు గంటల క్లాసు, ఒక ల్యాబు. కోర్ అంతటికీ అక్కర్లేదు, మొదటి ప్రోగ్రామింగ్ కోర్సుకూ డేటా స్ట్రక్చర్స్‌కూ చేస్తే చాలు.

ల్యాబు రికార్డు

ల్యాబుల సంగతి ఇంకా దారుణం. పన్నెండు ప్రయోగాల పట్టిక, వారానికొకటి, తర్వాత నీటుగా రికార్డులో ఎక్కించడం. సీనియర్ల రికార్డు, దాని ముందు వాళ్ల సీనియర్ల రికార్డు, అదే కోడు, కొన్నిసార్లు అదే తప్పు. ఇప్పుడు ఏఐ టూల్స్ వచ్చాక కాపీ కొట్టే శ్రమ కూడా తగ్గింది. నిషేధించి ప్రయోజనం లేదు. మార్కులు ఎక్కడ పెడుతున్నామో మార్చాలి.

పన్నెండు బదులు ఆరు ప్రయోగాలు పెట్టి, ఒక్కోదానికి రెండు వారాలు ఇవ్వండి. మొదటి వారం రాయడం, ఎలా రాసుకున్నా సరే. రెండో వారం కూర్చున్న చోటే పదిహేను నిమిషాల్లో దాన్ని మార్చమనడం: ఎక్కే క్రమంలో ఉన్నదాన్ని దిగే క్రమానికి మార్చు, ఒకే పేరు రెండుసార్లు వస్తే పట్టుకో, ఖాళీ ఫైలు ఇస్తే ఆగిపోకుండా చూడు. ముప్పైలో పది ప్రోగ్రాం నడిచినందుకు, పదిహేను ఈ మార్పుకు, ఐదు తప్పులు ఎలా దొరికాయో రాసుకున్న చిట్టాకు. సొంతంగా అర్థం చేసుకున్నవాళ్లు పది నిమిషాల్లో లేస్తారు, లేనివాళ్లు ఎవరో ఆ గదిలోనే తెలిసిపోతుంది.

ప్రయోగం ఎంత పెద్దదన్నది కూడా చూడాలి. డేటా స్ట్రక్చర్స్ ల్యాబులో, ప్రతిసారీ సగం వదిలేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌ను పది అంకెల మీద చేయిస్తే దాని గొప్పతనం ఏమీ కనిపించదు. ఆదోని పత్తి మార్కెట్ ధరల పట్టికను నమూనాగా తీసుకుని, అలాంటి వరుసలు పది లక్షలు ఒక స్క్రిప్టుతో తయారుచేసి ఇవ్వండి. వరుసగా వెతికితే సగటున ఐదు లక్షల పోలికలు. క్రమంలో పెట్టి బైనరీ సెర్చ్ చేస్తే ఎక్కువలో ఎక్కువ ఇరవై. ఇక్కడితో ఆపకూడదు. క్రమంలో పెట్టడానికే దాదాపు రెండు కోట్ల పోలికలు పడతాయి. ఒక్కసారి వెతకడానికైతే క్రమంలో పెట్టడం శుద్ధ దండగ. దాదాపు నలభై సార్లు వెతికాకే ఆ ఖర్చు తిరిగొస్తుంది. ఈ నలభైని విద్యార్థి తన మెషీన్ మీద టైము కొలిచి తనే కనుక్కుంటే, ఆల్గరిథమ్స్ సబ్జెక్టు సగం అర్థమైనట్టే. కొలిచినప్పుడు లెక్కకూ వాస్తవానికీ తేడా వస్తుంది, ఎందుకో అడిగితే ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన క్యాష్ మెమరీ దాకా వెళ్తారు. కంప్యూటర్ ఆర్గనైజేషన్ అదే సెమిస్టర్‌లో ఉన్నందుకు ఫలితం అక్కడ దక్కుతుంది.

డీబీఎంఎస్‌కూ దగ్గర్లోనే సరుకుంది. ఉల్లి వచ్చే కర్నూలు మార్కెట్ యార్డునే తీసుకోండి: రైతు, లాటు, బరువు, ధర, కమీషన్ ఏజెంటు. అన్నీ ఒకే టేబుల్లో పెట్టమనండి. రైతు ఫోన్ నంబరు మారిందని చెప్పండి. అతని లాట్లు ఎన్ని ఉంటే అన్ని వరుసల్లో మార్చాలి, ఒకటి మరిచిపోతే ఒకే రైతుకు రెండు నంబర్లు. ఒకే సమాచారం రెండుచోట్ల ఉండకుండా టేబుళ్లను విడగొట్టే నార్మలైజేషన్ ఎందుకో నిర్వచనాలు చెప్పకుండానే బోధపడుతుంది. ఉద్యోగి, విభాగం టేబుల్స్ ఎన్నేళ్లని నడుపుతాం.

ఇంకొక చిన్న లెక్క, ఎవరూ వేయనిది. ముప్పై మెషీన్ల ల్యాబులో అందరూ ఒకేసారి ఒక జీబీ ప్యాకేజీ డౌన్‌లోడ్ చేస్తే ముప్పై జీబీ. వంద ఎంబీపీఎస్ లైను పూర్తిగా దొరికినా నలభై నిమిషాలు. మూడు గంటల ల్యాబులో నాలుగో వంతుకు దగ్గర. ల్యాబు సర్వర్‌లో ముందుగానే ఒక కాపీ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఈ పని సిలబస్ రాసేవాళ్లది కాదనుకుంటారు, కానీ ల్యాబ్ మాన్యువల్ మొదటి పేజీలో ఉండాల్సింది అదే.

ఎలెక్టివ్‌లు, బ్రాంచి పేర్లు

ఆరు ఎలెక్టివ్‌లు, ఒక్కోదానికి నాలుగు ఎంపికలు, మొత్తం 24 సబ్జెక్టులు. పుస్తకంలో నిండుగా ఉంటుంది. ఒక్క సెక్షను ఉన్న విభాగంలో వాటిలో నడిచేవి ఆరే. ఎవరు చెప్పగలరో చూసుకుని విభాగమే ఎంపిక చేసేస్తుంది, విద్యార్థి ఫారం మీద సంతకం పెడతాడు. నిజాయితీగా రెండు దారులు చూపించి రెండూ నడపడం దీనికన్నా మేలు. అరవైమంది సెక్షనుకు నాలుగేళ్లలో 240 మంది, ఇరవైమందికి ఒకరు చొప్పున పన్నెండుమంది టీచర్లు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. ఈ రెండంకెల మీద ఎన్ని ఎలెక్టివ్‌లు నడపగలమో ముందే తేలిపోతుంది. ల్యాబుకు ఇద్దరు టీచర్లు కూర్చోవాలన్నది మరిచిపోయి వేసిన లెక్కలు ఆగస్టులో టైంటేబుల్ వేసేటప్పుడు కూలతాయి.

ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని విడివిడి బ్రాంచీలు కౌన్సెలింగ్‌లో కనిపిస్తాయి. పైన చెప్పిన బాణాలు గీస్తే మొదటి ఐదు సెమిస్టర్లు అన్నిటికీ దాదాపు ఒకటేనని తెలుస్తుంది. తేడా ఉండాల్సింది ఎలెక్టివ్‌ల 18 క్రెడిట్లలో, చివరి ప్రాజెక్టులో. పేరుకు తగ్గట్టు కనిపించాలని రెండో ఏడాదిలోనే డీప్ లెర్నింగ్ పెట్టి ఆపరేటింగ్ సిస్టమ్స్ తీసేసిన సిలబస్‌లు ఉన్నాయి. ఆ పిల్లలకు గేట్ రాసేటప్పుడు సమస్య తెలుస్తుంది. ఇంటర్వ్యూలో ప్రాసెస్‌కూ థ్రెడ్‌కూ తేడా అడిగినప్పుడూ తెలుస్తుంది. ఈ విషయంలో అడ్మిషన్ల విభాగం ఒత్తిడికి, సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ తలవంచడం తప్ప వేరే కారణం కనిపించదు.

ఇంటర్న్‌షిప్ గురించి ఒక్క ముక్క. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చే చోట్ల నుంచి వచ్చిన కాగితానికి రెండు క్రెడిట్లిస్తే ఆ రెండు క్రెడిట్లూ పోయినట్టే. కాగితం చూడకుండా, చేసిన పని కోడు దాచిన రిపోజిటరీ చూపించి ఇరవై నిమిషాలు ప్రశ్నలకు జవాబివ్వమనాలి. బెంగళూరు దాకా వెళ్లలేనివాళ్లు జిల్లాలోనే ఒక ఆసుపత్రి రికార్డులనో, పాలిష్ బండల యూనిట్ స్టాకు లెక్కనో కంప్యూటర్‌కు ఎక్కించినా ఆ పరీక్షకు నిలుస్తారు.

బోర్డు, ఆ తర్వాత

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో విభాగాధిపతి, అధ్యాపకులతో పాటు బయటి నిపుణులు, యూనివర్సిటీ నామినీ, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. తర్వాత అకడమిక్ కౌన్సిల్ ఆమోదం. మధ్యాహ్నం భోజనంతో ముగిసే ఒక్కరోజు సమావేశంలో నలభై సబ్జెక్టులు చదవడం ఎవరి వల్లా కాదు. కనీసం మూడు వారాల ముందు పత్రాలు పంపాలి, బయటివాళ్లను మొత్తం అడగకుండా తలా మూడు సబ్జెక్టులు అప్పగించాలి. పూర్వ విద్యార్థిని ‘ఏది చేర్చాలి’ అని అడిగితే తన కంపెనీలో వాడే టూలు పేరు చెబుతాడు. ‘ఏది దండగ’ అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

కోర్సు ఔట్‌కమ్స్, ప్రోగ్రామ్ ఔట్‌కమ్స్ (కోర్సు, డిగ్రీ అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలి) పట్టికలు ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ కోసం ఎలాగూ నింపాలి. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ శాశ్వత సభ్యత్వం పొందిన తర్వాత ఇవి తప్పనిసరి అలవాటయ్యాయి. చివర్లో కూర్చుని ఆ రెంటికీ సంబంధం ఎంతో చెప్పే 3, 2, 1 అంకెలు వేయడం కాకుండా, ప్రతి ఔట్‌కమ్ పక్కన దాన్ని పరీక్షించే ఒక ప్రశ్న రాయమంటే సగం ఔట్‌కమ్స్ వాటంతటవే మారిపోతాయి. ‘అర్థం చేసుకోగలడు’ అన్నదానికి ప్రశ్న రాయడం కష్టం మరి.

నాలుగేళ్ల సిలబస్ మొత్తం ఒకేసారి తుది చేయనక్కర్లేదు. మొదటి రెండేళ్లు పూర్తిగా, తర్వాతి రెండేళ్లు పేర్లు, క్రెడిట్లు, బాణాల వరకు. ఎలెక్టివ్‌ల లోపలి యూనిట్లు ఆ సెమిస్టర్‌కు ఏడాది ముందు రాసినా ఆలస్యం కాదు. దీంతోపాటే తయారుచేయాల్సింది పాత రెగ్యులేషన్‌కూ కొత్తదానికీ సమానాల పట్టిక. మధ్యలో ఆగిపోయి, ఏడాది తర్వాత తిరిగి చేరినవాళ్లు కొత్త రెగ్యులేషన్‌లో పడతారు. పాతదాంట్లో వాళ్లు రాసేసిన సబ్జెక్టు ఇక్కడ రెండో ఏడాదిలో మళ్లీ ఎదురుకావచ్చు, రాయని సబ్జెక్టు మొదటి ఏడాదిలోకి జరిగిపోయి ఉండొచ్చు. ఏది రాసినట్టు లెక్క, ఏది అదనంగా రాయాలి, క్రెడిట్లు తగ్గితే దేనితో పూడ్చాలి అన్నది సబ్జెక్టు సబ్జెక్టుకూ ముందే రాసిపెట్టి, సిలబస్‌తో పాటే అకడమిక్ కౌన్సిల్లో ఆమోదింపజేయాలి. ఆ పట్టిక లేకపోతే ప్రతి విద్యార్థి విషయం ఒక విడి అర్జీగా మారి ఎగ్జామ్ బ్రాంచి చుట్టూ తిరుగుతుంది. ఈలోగా సప్లిమెంటరీ ఫీజు గడువు దాటిపోతుంది.